కళ్ళజోడు తీస్తే కనిపించే కిటికీ

అట్ట మీద తను తీసిన ఫోటో పడిన పత్రికను చంకలో పెట్టుకుని ఆమె నాలుగంతస్తులూ ఎక్కేసింది. లిఫ్టు ఎప్పటిలాగే పనిచెయ్యడం లేదు. మామూలుగా అయితే రెండో అంతస్తు దగ్గరే కెమెరా సంచి కింద దించి, ఆ లిఫ్టు పెట్టించినవాళ్ళని నాలుగు తిట్టి, అప్పుడు కదిలేది. ఈ ఆదివారం పొద్దున మాత్రం కాళ్ళు వాటంతటవే ఎక్కాయి.

పేరూ బోర్డూ లేని తలుపు. రెండు గడియలు, ఒక గొలుసు. తట్టగానే లోపల్నించి గొంతు వినిపించింది.

"ఎవరది?"

"నేనే పెద్దక్కా. మసకని."

గొలుసు సందులోంచి ఒక కన్ను ఆమెను పైకీ కిందకీ చూసింది. ఆ తరవాతే తలుపు తెరుచుకుంది.

ఇంట్లోవాళ్ళ చేతుల్లో ప్రాణం పోతుందని పారిపోయి వచ్చిన ఆడవాళ్ళు దాక్కునే ఇల్లది. నడిపేది పెద్దక్క. ఎడమచేత్తో టీ కాస్తూ కుడిచేత్తో పోలీసులకి ఫోన్ చేసి దులిపెయ్యగల మనిషి. ఫోటోగ్రాఫరుకి 'మసక' అని పేరు పెట్టింది కూడా ఆవిడే.

ఆ పేరుకి కారణముంది. లెన్సు కంతను ఎంత తెరవగలిగితే అంత తెరిచి తియ్యడం ఆమె పద్ధతి. అలా తీస్తే మనిషి ఒక్కడే స్పష్టంగా ఉంటాడు. వెనకున్న గోడలూ, తీగలూ, జనమూ అంతా వెన్నలా కరిగిపోతుంది. ఆస్పత్రుల్లో, మిల్లుల్లో, వరదలో మునిగిన కాలనీల్లో ఇన్నేళ్ళూ ఆమె అలాగే తీసింది. కుర్రాళ్ళకి పాఠం చెప్పేటప్పుడు, "వెనకాల స్పష్టంగా ఉంటే చూసేవాడు గోడ మీద క్యాలెండరు చదువుతాడు. మసకగా ఉంటే మనిషి ముఖం చదువుతాడు" అనేది.

"పోయినసారి నీకు చెప్పడం మర్చిపోయానే," అంది పెద్దక్క తలుపు గడియలేస్తూ. "మా వంటింటి గిన్నెలు కూడా ఒకసారి నీ పద్ధతిలో తీసిపెట్టు. తోమే పని తప్పుతుంది."

"ముందు ఇది చూసి మాట్లాడు," అని మసక పత్రికను బల్ల మీద పరిచింది.

అట్ట నిండా ఒక అమ్మాయి. కిటికీ ముందు కూర్చుని ఉంది. ముఖం అటు తిరిగి ఉంది కాబట్టి చెవి, చెంప అంచు, ముక్కు మీదికి కళ్ళజోడు నెట్టుకుంటున్న చూపుడువేలు మాత్రమే కనిపిస్తున్నాయి. కిటికీ అవతల సందె చీకట్లో వీధి దీపాలన్నీ ఉబ్బి పెద్ద పెద్ద రంగు బిళ్ళల్లా తేలుతున్నాయి. ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ.

"అబ్బో!" అంది పెద్దక్క. "అచ్చులో చూస్తుంటే ఇది మన కిటికీయేనా అనిపిస్తోంది. ఏదో కలలో ఉన్నట్టుంది."

ఈ ఫోటో బయటికి పోనివ్వడానికి పెద్దక్క పెట్టిన షరతులు రెండే. ముఖం కనపడకూడదు, వీధి పోల్చుకునేలా ఉండకూడదు. కేసు చూసే పోలీసు అధికారి కూడా ఫోటో చూసి, "నీళ్ళల్లో రంగులు ఒలికినట్టుందమ్మా, దీన్ని చూసి ఎవడు ఏం పోలుస్తాడు" అని నవ్వి ఒప్పుకున్నాడు. పత్రికలో ఎడిటరు చూశాడు, ఆయన పైవాళ్ళు చూశారు. చూడనిది ఒక్కరే. ఫోటోలో ఉన్న అమ్మాయికి చూపించాలని ఎవరికీ తట్టలేదు.

ఆ అమ్మాయి తడి చేతులు తువ్వాలుకి తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. మైనస్ తొమ్మిది పవరు సోడాబుడ్డి కళ్ళజోడు. ఆ అద్దాలు చూసి ఈ ఇంట్లోవాళ్ళు ఆమెను ముద్దుగా బుడ్డి అంటారు.

"నీ బొమ్మేనే, అట్ట మీదకెక్కావు," అంది మసక.

బుడ్డి వంగి చూసింది. నవ్వబోయిన ముఖం అక్కడే ఆగిపోయింది. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూసింది. కిటికీ వైపు చూసింది. మళ్ళీ బొమ్మ వైపు చూసింది.

"ఇది... ఇది ఎంతమంది చూస్తారక్కా?"

"ఊరంతా. ఏమే, నచ్చలేదా? ఎంత ప్రశాంతంగా ఉన్నావో చూడు."

"ప్రశాంతమా?" అంది బుడ్డి. "అక్కా, ఇది నేను కళ్ళజోడు తీస్తే కనిపించే కిటికీ. రోజూ పడుకునే ముందు ఇదే చూస్తాను. మీకు ఇది కలలా ఉందేమో. నా మీదికి వచ్చిన భయాలన్నీ ఇందులోంచే వచ్చాయి."

"సరేలే, కానీ వేరేవాళ్ళకి ఎలా తెలుస్తుంది?" అంది పెద్దక్క.

"వేరేవాళ్ళకి తెలియదు. అన్నయ్యకి తెలుస్తుంది."



బుడ్డి అన్న సంగతి ముగ్గురికీ తెలుసు. తండ్రి పోయాక చెల్లెల్ని చంకనేసుకుని పెంచినవాడు. పెంచిన చేత్తోనే గదికి తాళం వేసినవాడు. వాళ్ళ మేడ మీది గదిలో అద్దెకున్న కళ్ళద్దాల షాపతన్ని బుడ్డి పెళ్ళి చేసుకుంటానంది. ఒక సాయంత్రం ఆమె కళ్ళజోడు కాడ విరిగితే అతనే బాగుచేసి ఆమెకివ్వడానికని మేడ మీదికి పట్టుకొచ్చాడు. బుడ్డి మేడకి ఆ చివర బట్టలు తీస్తోంది. ఈ చివర పిట్టగోడ దగ్గర రెండు మసక ఆకారాలు నిలబడ్డాయి. ఒకటి చేతులు చాచింది. తరవాత ఒకటే మిగిలింది. మిగిలినదానికి ఎడమ భుజం కిందకి వాలి ఉంది. అన్నయ్య భుజం అది. కింద ప్రాణం పోయి పడి ఉన్న మనిషి చొక్కా జేబులో ఆమె కళ్ళజోడు ముక్కలై దొరికింది.

కాలు జారి పడ్డాడన్నాడు అన్న. తోసేశాడంది చెల్లెలు. చూసినది ఆమె ఒక్కతే. అన్న తరఫు లాయరు దాన్నే పట్టుకున్నాడు. "కళ్ళజోడు లేకపోతే ఈ అమ్మాయికి మనిషికీ కరెంటు స్తంభానికీ తేడా తెలియదు. మసకలో కనిపించిన ఆకారానికి అన్న పేరు పెట్టేస్తే సరిపోతుందా?" అన్నాడు. ఆ మాట మీదే అన్నకి బెయిలు వచ్చింది. చెల్లెలికి రెండు మైళ్ళ దూరంలో ఉండాలని షరతు. రేపు సోమవారం బుడ్డి బోనెక్కి సాక్ష్యం చెప్పాలి.

"మీ అన్నకి ఎలా తెలుస్తుందంటావు?" అంది మసక.

"మా ఇంట్లో అందరికీ ఇవే కళ్ళు. అన్నయ్యదీ మైనస్ తొమ్మిదే. చిన్నప్పుడు మా వీధిలో కరెంటు పోతే మేడెక్కి ఇద్దరం కళ్ళజోళ్ళు తీసేసి ఆడుకునేవాళ్ళం. దూరంగా ఊళ్ళో వెలిగే దీపాలన్నీ ఇలాగే బిళ్ళలైపోతాయి. ఏ బిళ్ళ ఏ దీపమో చెప్పాలి. రంగుని బట్టి, ఎత్తుని బట్టి, పక్కన ఏముందో దాన్ని బట్టి. అన్నయ్య ఎప్పుడూ ఓడిపోలేదు." బుడ్డి బొమ్మ మీద వేలు పెట్టింది. "ఒకదాని కింద ఒకటి మూడు ఎర్రవి, అది ఫోను టవరు. ఈ రెండు తెల్లవి పెట్రోలు బంకు. ఈ ఆకుపచ్చది మందుల షాపు. ఈ ఊళ్ళో ఈ మూడూ ఈ వరసలో కనిపించే కిటికీ ఇంకోటి ఉందా?"

ఇన్నేళ్ళూ మసక దాచాననుకున్నదంతా ఒక్కసారి కళ్ళ ముందు తిరిగింది. వెనకున్నది తన కంటికి కరిగిపోతే లోకానికంతటికీ కరిగిపోయినట్టే అనుకుంది. అలాంటి కళ్ళతోనే బతికేవాళ్ళు ఉంటారని ఏనాడూ అనుకోలేదు.

"ముందు మనం ఇక్కణ్ణించి పోదాం పద," అంది.

"పోవడానికి వీల్లేదు," అంది పెద్దక్క. అప్పటికే ఫోను చెవికి ఆనించి ఉంది. "కోర్టు సాక్షి. అధికారి సంతకం లేకుండా గడప దాటిస్తే రేపు వాళ్ళ లాయరు మనమే దాచేశాం, మాటలు నేర్పించామంటాడు. ఆయనగారేమో ఆదివారం ఫోను ఎత్తడు."

ఇంట్లో ఉన్న ఇంకో ఇద్దరు ఆడవాళ్ళని పెద్దక్క అప్పటికప్పుడు తన చెల్లెలింటికి పంపేసింది. మధ్యాహ్నం దాకా ఫోను ఎత్తేవాడు లేకపోయేసరికి చెప్పులేసుకుంది. "స్టేషన్లో కూర్చుంటా. వ్యాను ఇస్తేనే లేస్తా. ఎవరొచ్చినా తలుపు తియ్యకండి. నేనొచ్చినా ముందు నా నోరు విని తియ్యండి."

"నీ నోరు కింద వీధిలో ఉన్నప్పుడే వినపడుతుందిలే," అంది బుడ్డి. పొద్దున్నించీ ఆమె వేసిన జోకు అదొక్కటే.

పెద్దక్క వెళ్ళాక ఇద్దరూ కర్టెన్లు వేసుకుని కూర్చున్నారు. గది ఉక్కగా ఉంది. మూసిన కిటికీ, రెండు మంచాలు, గోడకి ఆనించిన చాపలు. ఎటు తిరిగినా మోకాలికి ఏదో ఒకటి తగులుతోంది. మెట్ల మీద ఎవరి అడుగులు వినిపించినా ఇద్దరి ఊపిరీ ఆగిపోతోంది. అడుగులు పైకి పోయాకో కిందకి పోయాకో మళ్ళీ ఊపిరి వస్తోంది.

"పగలు రాడు," అంది బుడ్డి. "దీపాలు వెలిగితే గానీ వెతకలేడు."

ఆ మాట మసక బుర్రలో పురుగులా తొలిచింది. టవరుని ఎవరూ ఆర్పలేరు. బంకుని ఆర్పలేరు. మందుల షాపు బోర్డు? అడిగి చూస్తే? ఆకుపచ్చ బిళ్ళ ఒక్కటి లేకపోయినా వరస చెడిపోతుంది కదా? ఎండ దిగుతున్నకొద్దీ ఆమెకి కూర్చోబుద్ధి కాలేదు. తప్పు తనది, ఏదో ఒకటి చెయ్యాలి.

"వద్దక్కా," అంది బుడ్డి. "ఉన్నచోటే ఉందాం."

"ఇలా వెళ్ళి అలా వచ్చేస్తాను. గడియలు వేసుకో."

మందుల షాపు ముందు అప్పటికే బోర్డు వెలిగింది. యజమాని ముక్కు మీద అద్దాలు జార్చుకుని ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఆర్పెయ్యాలా? ఎందుకమ్మా? మీ ఇంట్లోకి వెలుతురు పడి నిద్ర పట్టడం లేదా?"

"ఇవాళ్టికి ఒక్కపూటండీ. కొంచెం పని ఉంది, ఫోటోల పని. ఎదురుగా ఉన్న బిల్డింగులోంచి తీస్తున్నాం, ఈ వెలుగు అడ్డమొస్తోంది."

"బోర్డు ఆర్పితే షాపు కట్టేశామనుకుంటారు. జ్వరాలొచ్చినవాళ్ళు ఎక్కడికి పోతారు?"

పక్కన కంటి చుక్కల మందు కొనుక్కుంటున్న ఒకాయన చేతిరుమాలులో ఏదో తుడుచుకుంటూ నవ్వాడు. "చక్కగా పచ్చగా ఉంది కదండీ. దూరంనించి ఎంత బాగా కనిపిస్తోందో. ఆర్పడమెందుకు, పాపం?" మెత్తటి గొంతు. మర్యాదస్తుడిలా ఉన్నాడు.

మసక విసుక్కుని వచ్చేసింది. మెట్లెక్కుతుంటే వెనకాల ఎవరో నెమ్మదిగా ఎక్కుతున్నారు. ఏ అంతస్తువాళ్ళో అనుకుంది. లోపలికొచ్చి గడియలేసి, నీళ్ళ గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్నాక అప్పుడు తట్టింది. చేతిరుమాలులో ఆయన తుడుచుకుంటున్నది కళ్ళజోడు. సీసా అడుగంత మందం అద్దాలు. నిలబడ్డ తీరు గుర్తొచ్చింది. ఎడమ భుజం వాలి ఉంది.

గ్లాసు చేతిలోంచి జారింది.

తలుపు మీద మెల్లగా వేళ్ళ చప్పుడు.

"చిట్టీ."

బుడ్డిని అలా పిలిచేది అన్న ఒక్కడే. మసక ఆమె నోటి మీద చెయ్యి పెట్టి, ఇంకో చేత్తో ఫోను నొక్కింది. "పెద్దక్కా, వచ్చేశాడు. తలుపు దగ్గరున్నాడు."

"వ్యానులో ఉన్నాం. ట్రాఫిక్కు," అవతల హారన్ల మధ్యలోంచి వినిపించింది. "తలుపు తియ్యకండి! ఇదిగో, ఎస్సైగారూ, ఆ సైరన్ మోగించండయ్యా, అలంకారానికా అది?"

"చిట్టీ, నేనేనే. భయపడకు. ఒక్క మాట మాట్లాడి పోతాను."

బుడ్డి మసక చేతిని మెల్లగా తప్పించింది. తలుపు వైపు చూసింది, బల్ల మీది కెమెరా వైపు చూసింది. ఆ చూపులో భయం అలాగే ఉంది, కానీ దాని కింద ఇంకేదో కదిలింది. మసక చెవిలో ఊదినట్టు చెప్పింది.

"వీడియో తీస్తారా?"

"పిచ్చా నీకు? పోలీసులు వస్తున్నారు. నోరు మూసుకుని కూర్చుందాం."

"పోలీసులొస్తే ఏమంటాడో తెలుసా? చెల్లెలు కనపడక తిరుగుతున్నానంటాడు. ఎవరో చెప్పారంటాడు. రేపు కోర్టులో వాళ్ళ లాయరు మళ్ళీ అదే పాట పాడతాడు. అక్కా, మసకలో మనిషిని పోల్చలేరన్న మాట మీదే కదా వాళ్ళ కేసంతా నిలబడింది? మరి వీడు ఇక్కడికెలా వచ్చాడు?"

మసకకి ఒక్క క్షణం పట్టింది. తరవాత కెమెరా అందుకుంది.

"అన్నయ్యా," అంది బుడ్డి తలుపుకి దగ్గరగా వెళ్ళి. "తలుపు తీస్తాను. కానీ గొలుసు తియ్యను. నువ్వు కళ్ళజోడు తీసెయ్యి. నేనూ తీసేస్తాను. మేడ మీద ఆడుకున్నట్టు. ఆటంటే ఆటే, దొంగాట ఆడకూడదు."

అవతల చిన్న నవ్వు వినిపించింది. "ఇంకా చిన్నపిల్లవే నువ్వు. సరే, తీశాను. జేబులో పెట్టాను. చాలా?"

గదిలో లైటు ఆర్పేశారు. మసక మోకాళ్ళ మీద కూర్చుని, తలుపు సందుకి ఎదురుగా కెమెరా పట్టుకుంది. మైనస్ తొమ్మిది కళ్ళకి ఆ చీకట్లో తనొక నీడ ముద్ద, అంతే. బుడ్డి కళ్ళజోడు తీసి జాకెట్టులో దోపుకుని గడియలు తీసింది. గొలుసు బిగుసుకుంది. జానెడు సందు.

సందులో అన్న ముఖం. అలవాటుగా మసక వేళ్ళు లెన్సుని పూర్తిగా తెరిచేశాయి. కెమెరా తెర మీద చూసి ఆమె ఉలిక్కిపడింది. ఎంత అందమైన బొమ్మ! వెనకాల వరండా అంతా మెత్తటి పసుపులోకి కరిగిపోయింది. మధ్యలో తడి కళ్ళతో, చెల్లెలి కోసం ఊరంతా తిరిగి అలిసిపోయిన అన్న. ఈ బొమ్మ చూస్తే ఎవరికైనా గుండె కరుగుతుంది. రేపు జడ్జికి కూడా కరుగుతుంది. ఇన్నేళ్ళూ తను నమ్మిన విద్య ఇదే. వెనక కరిగిస్తే ముందున్నవాడి మీద జాలి పుడుతుంది. ముందున్నవాడు ఎవడైనా సరే.

ఆమె పళ్ళు బిగబట్టి లెన్సు కంతను మూస్తూ పోయింది. బొమ్మ నల్లబడింది, గరుకుగా అయింది, అందమంతా పోయింది. కానీ అతని వెనకాల ఒక్కొక్కటీ తేలాయి. మెట్ల కటకటాలు. ఎదురు ఫ్లాటు నంబరు. అతని చంకలో మడిచిపెట్టిన పత్రిక అట్ట. ఎదురు గోడకి ఆనించి ఒక ఇనప రాడ్డు.

మసక చెయ్యి కదలనివ్వలేదు.

"చిక్కిపోయావే," అన్నాడు అన్న.

"కళ్ళజోడు లేకుండా ఎలా తెలిసింది?"

"తెలియకపోవడమేంటి, నీ నీడ చాలు."

"అందరూ ఆ ఫోటోలో ఏమీ కనపడటం లేదన్నారు అన్నయ్యా. పోలీసులు కూడా చూశారు. నువ్వెలా వచ్చావు?"

"అందరికీ మన కళ్ళున్నాయా?" అతని గొంతులో గర్వం దాగలేదు. "పొద్దున టీ కొట్టు దగ్గర అట్ట చూశాను. కళ్ళజోడు తీసి మళ్ళీ చూశాను. మూడు ఎర్రవి టవరు, రెండు తెల్లవి బంకు, పక్కన పచ్చది మందుల షాపు. ఎన్నిసార్లు ఆడాం మనం! దీపాలు వెలగడమే ఆలస్యం, నేరుగా ఆ షాపు ముందుకొచ్చి నిలబడ్డాను. ఏ తలుపో తెలియక ఆలోచిస్తుంటే మీ మనిషి వచ్చి ఎదురు బిల్డింగని తనే చెప్పింది."

మసక కళ్ళు మూసుకుని తెరిచింది.

"అక్కడ కూర్చున్నది నేనేనని ఎలా తెలిసింది? ముఖం లేదుగా?"

"వేలు. ముక్కు మీద ఆ వేలు. ముఖమెందుకే నాకు? నువ్వు ఎంత అలుక్కుపోయి కనిపించినా నువ్వు నువ్వే. సొంత మనిషిని పోల్చుకోవడానికి కళ్ళజోడు కావాలా?"

"అక్కర్లేదా?"

"అక్కర్లేదు."

బుడ్డి తలుపు అంచుని రెండు చేతులతో పట్టుకుంది. గొంతు తగ్గించి, ప్రతి మాటా విడివిడిగా పలికింది. "అయితే ఆ రోజు మేడ మీద నేను కూడా నిన్ను పోల్చుకున్నాను అన్నయ్యా. వాలిన భుజం చూసి."



"చిట్టీ," అన్నాడు చివరికి. గొంతు మారింది. "రేపు సరిగా కనపడలేదని చెప్పు. అంతే. ఇంటికెళ్ళిపోదాం. నీ గది అలాగే ఉంచాను. తాళం ఇంకెవరికీ ఇవ్వలేదు, నా దగ్గరే ఉంది."

"నీ దగ్గరే ఉంటుంది," అంది బుడ్డి. "నాకు తెలుసు."

ఆ మాటలో ఏం వినిపించిందో గానీ అతని చెయ్యి జేబులోకి పోయింది. కళ్ళజోడు ముక్కు మీదకొచ్చింది. మందపాటి అద్దాల వెనక అతని కళ్ళు చిన్నవై, చెల్లెలిని దాటి, చీకట్లోకి పోయి, కెమెరా మీద వెలిగే ఎర్ర చుక్క మీద ఆగాయి.

"ఎవరది లోపల?"

మసక తలుపు మీద పడింది. బుడ్డి కూడా పడింది. కానీ రాడ్డు వాళ్ళకంటే ముందే సందులోకి దూరింది. గొలుసు తంతిలా బిగిసింది. చెక్కలోంచి ఒక మరమేకు ఊడి నేల మీద దొర్లింది. కెమెరా ఎక్కడో పడి ఇంకా తిరుగుతూనే ఉంది. రాడ్డు ఒత్తిడికి తలుపు వాళ్ళని చాపని జరిపినట్టు వెనక్కి జరిపింది. "ఆటన్నావు కదే!" అని అతను అరుస్తున్నాడు. "దొంగాట వద్దన్నావు కదే!" రెండో మరమేకు సగం ఊడింది. గోడకి తలుపుకి మధ్య మసక భుజం నలిగింది. వెనక్కి పోవడానికి గదిలో చోటు లేదు, మంచం కాలు నడుముకి పొడుచుకుంటోంది.

అప్పుడు వినపడింది. మూడంతస్తుల కిందనించి పైదాకా దద్దరిల్లే నోరు.

"ఒరేయ్! ఆ చెయ్యి తియ్యరా తలుపు మీంచి!"

పెద్దక్క వెనక బూట్ల చప్పుడు. రాడ్డు నేల మీద పడ్డ మోత. తరవాత వరండాలో పెనుగులాట, మూలుగు, ఎవరో ఎవరినో నేల మీదకి అదమడం. తలుపు మీద బరువు ఒక్కసారి తేలికైపోయింది. ఇద్దరూ ఆనుకున్నది ఆనుకున్నట్టే ఉండిపోయారు. తియ్యమని పెద్దక్క ఎంత అరిచినా బుడ్డి వేళ్ళు తలుపు అంచుని వదలలేదు. మసకే ఒక్కొక్కటీ విడదియ్యాల్సి వచ్చింది.

"మొత్తానికి ఓడించాను," అంది బుడ్డి. అని, గోడకి చేరగిలబడి ఏడ్చింది.

*

సోమవారం కోర్టు హాలు కిక్కిరిసి ఉంది. తెర మీద వీడియో నడిచింది. గరుకు బొమ్మ, అందం చందం లేదు. కానీ ఫ్లాటు నంబరు దగ్గర్నించి రాడ్డు దాకా ప్రతిదీ కనపడింది. పత్రిక అట్ట ఒకవైపు, వీడియో ఒకవైపు. 'సొంత మనిషిని పోల్చుకోవడానికి కళ్ళజోడు కావాలా?' అన్న మాట వచ్చినప్పుడు జడ్జి ఆపించి మళ్ళీ వేయించుకున్నారు.

అయినా అన్న లాయరు ఊరుకోలేదు. లేచి కోటు సర్దుకున్నాడు. "మాటలు ఎవరైనా అంటారండీ. గర్వానికి అంటారు, ప్రేమకి అంటారు. ఈ అమ్మాయికి నిజంగా తెలుస్తుందా అన్నది ప్రశ్న. అమ్మా, ఆ కళ్ళజోడు ఒకసారి తీస్తారా? ఈ హాల్లో మీ అన్నయ్య ఎక్కడున్నారో చూపించండి. తీశాక కూర్చున్నచోటు మారుస్తాం."

మసక వెనక బెంచీలో ముందుకు వంగింది. ఇక్కడ కెమెరా తియ్యడానికి వీల్లేదు. చేతులు ఖాళీగా ఉండటం ఆమెకి కొత్త.

బుడ్డి కళ్ళజోడు తీసి బోను అంచు మీద పెట్టింది. లాయరు సైగ చెయ్యగానే పోలీసులు అన్నని లేపి అవతలి వరసలోకి తీసుకెళ్ళి, అలాంటి చొక్కాలే వేసుకున్న ఇద్దరు మనుషుల మధ్య కూర్చోబెట్టారు. ముగ్గురూ కదలకుండా కూర్చున్నారు. అన్న భుజాలు రెండూ సమంగా బిగబట్టుకున్నాడు. ఎవరు చెప్పారో గానీ వాలనివ్వలేదు.

బుడ్డి ఒక చివర్నించి ఇంకో చివరకి చూసింది. ఆమె కళ్ళకి అక్కడున్నది ముఖాలు కాదని మసకకి తెలుసు. తెల్లటివి మూడు, పైన నల్లటివి మూడు. కిటికీ అవతల దీపాల్లాగే మూడు బిళ్ళలు. ఇరవై ఏళ్ళుగా తను గోడల మీద వేలాడదీసిన మసకలోనే ఈ పిల్ల రోజూ దారి వెతుక్కుంటోంది.

చాలాసేపైంది. లాయరు పెదవి మీదికి నవ్వు వచ్చింది.

ఆ వరసలో మధ్యలో కూర్చున్నవాడు అప్పుడు ఒక పని చేశాడు. బోనులో నిలబడ్డ చెల్లెలిని అంత స్పష్టంగా చూస్తూ ఉండలేకపోయాడో, ఆమె తీస్తే తనూ తీసే చిన్నప్పటి ఆట అలవాటో. చెయ్యి ముఖం దగ్గరికి పోయి కిందకి దిగింది.

బుడ్డి వేలెత్తింది.

"మధ్యలో ఉన్నది," అంది. "ఇప్పుడే కళ్ళజోడు తీశాడు."